మీరు భోజనం మధ్యలో లేచి వచ్చేశారు

ప్రశ్న: నమస్కారం మేడమ్. మాది గుంటూరు. హైదరాబాద్‌లో పదేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, కంపెనీ పంపితే భార్యతో, ఐదేళ్ల పాపతో కిందటేడు మాడ్రిడ్ వచ్చాను. అన్నీ అలవాటయ్యాయి గాని తిండి వేళలే కొరుకుడు పడటం లేదు. మధ్యాహ్నం రెండు దాటితే గాని ఎవరూ భోజనం మాట ఎత్తరు. సాయంత్రం ఏడింటికి పాపకు ఆకలేసి రెస్టారెంటుకు తీసుకెళితే వంటగది ఇంకా తెరవలేదంటారు. తిన్నాక అరగంట కూర్చున్నా బిల్లు తెచ్చే నాథుడు ఉండడు. హైదరాబాద్ టీమ్ ఇళ్లకు బయలుదేరే ముందు అత్యవసరంగా ఏదైనా అడిగితే, సరిగ్గా ఆ వేళకే ఇక్కడ ఆఫీసు ఖాళీగా ఉంటుంది.

అసలు సంగతి వేరే ఉంది. నెల కిందట నాతో పనిచేసే ఒకాయన ఆదివారం భోజనానికి వాళ్ల అమ్మానాన్నల ఇంటికి పిలిచారు. రెండింటికి రమ్మంటే రెండింటికే వెళ్లాం. మూడింటికి వడ్డించారు. తినడం పూర్తయ్యేసరికి నాలుగైంది. పెద్దవాళ్లు కాసేపు నడుం వాలుస్తారు కదా, ఇబ్బంది పెట్టడం ఎందుకని నాలుగుంపావుకు లేచి సెలవు తీసుకున్నాం. ఆ పెద్దావిడ ముఖం చిన్నబోయింది. మర్నాడు ఆఫీసులో 'మా అమ్మ వంట మీకు నచ్చలేదా?' అని ఆయన అడిగారు. నా భార్యేమో 'తిన్నాక ఎంగిలి కంచాల ముందు ఎంతసేపు కూర్చుంటాం?' అంటుంది. వచ్చే నెలలో వాళ్లను మా ఇంటికి పిలవాలనుకుంటుండగానే వాళ్లే మళ్లీ పిలిచారు. మేము తప్పు చేశామా? వీళ్లకు ఇంత తీరిక ఎక్కడిది? నిజం చెప్పాలంటే, ఇది బద్ధకమేమో అని కూడా అనిపిస్తోంది.

— ఒక పాఠకుడు, మాడ్రిడ్

సమాధానం: తప్పు చేశారని అనను. మర్యాద అనుకునే చేశారు, గుంటూరులో అయితే అది మర్యాదే. కాని ఆ పెద్దావిడ ముఖం ఎందుకు చిన్నబోయిందో చెప్పగలను. మీ దృష్టిలో భోజనం నాలుగింటికి ముగిసింది. ఆవిడ దృష్టిలో మీరు భోజనం మధ్యలో లేచి వచ్చేశారు.

మనకు పెరుగన్నం తిన్నామంటే విస్తరి మడిచినట్టే. ఆపైన కూర్చుంటే వడ్డించేవాళ్లను కాచుకునేలా చేస్తున్నామని మనకే మొహమాటం. స్పెయిన్‌లో అలా గీత గీసే పదార్థం ఏదీ లేదు. తీపి తిన్నాక కాఫీ వస్తుంది. తీపితోపాటు కాదు, అది పూర్తయ్యాకే. కాఫీ తర్వాత చిన్న చిన్న గ్లాసుల్లో ఏదో ఒక మద్యం వస్తుంది. ఉత్తరాన గలీసియా వాళ్ల ఇంట్లో అయితే మూలికలు వేసిన ఒరూహో, నవార్రా వాళ్ల ఇంట్లో అయితే అడవి రేగుల్లాంటి నల్లటి కాయలు ఊరబెట్టిన పచరాన్. ఆ తర్వాత ఏమీ రాదు. ఆ ఏమీ రాని సమయం కోసమే ఇంతసేపూ ఇవన్నీ వచ్చాయి. దాన్ని వాళ్లు సోబ్రెమేసా అంటారు. గంట కావచ్చు, మూడు గంటలు కావచ్చు. మీ మిత్రుడు మిమ్మల్ని పిలిచింది దానికి.

నేను స్పెయిన్‌లోని సలమాంకాలో పాఠాలు చెప్పిన కాలంలో ఇలాంటి ఆదివారాలు బాగానే చూశాను. మీరు వచ్చేశాక ఆ ఇంట్లో ఏం జరిగి ఉంటుందో ఇంచుమించు చెప్పగలను. బల్ల మీద గుడ్డ తీయరు. దాని మీద రొట్టె పొడి, ఎవరో ఒలిచిన కమలాపండు తొక్క, సగం మిగిలిన నీళ్ల సీసా. చలికాలమైతే బాదం, తేనె కలిపి చేసిన తుర్రోన్ ముక్కలు ఒక పళ్లెంలో. తాతగారు గుడ్డ మీది రొట్టె పొడిని చూపుడువేలితో ఒక కుప్పగా చేరుస్తూ, చెదరగొడుతూ, మళ్లీ చేరుస్తూ మాట్లాడతారు. ఒకరు మాట్లాడుతుండగానే ఇంకొకరు అందుకుంటారు. గొంతులు లేస్తాయి. కొత్తవాళ్లకు పోట్లాటేమో అనిపిస్తుంది, కాదు. ఫుట్‌బాల్, ఊళ్లో పొలం అమ్మకం, పక్కింటివాళ్ల కుక్క, రాజకీయాలు, చనిపోయిన మేనత్త చేసే కూర, ఏదీ పూర్తి కాదు, ఏదీ తేలదు. తేలాలని ఎవరికీ ఉండదు. కాసేపటికి ఎవరో పేకముక్కలు తీస్తారు. వాళ్ల పేక మన పేక కాదు, నలభై ముక్కలుంటాయి. బంగారు నాణేలు, పానపాత్రలు, కత్తులు, దుడ్డుకర్రలు వాటి మీది గుర్తులు. బ్రిస్కా ఆడతారు, లేదా జతలు కట్టి ముస్ ఆడతారు. ముస్‌లో భాగస్వామికి ముఖకవళికలతో సైగ చేయడం నియమాల్లోనే ఉంది. పెదవి కొరికినా నాలుక కొస బయటపెట్టినా దానికో అర్థం ఉంటుంది. డెబ్బై ఏళ్ల మనిషి పట్టపగలు నాలుక బయటపెట్టడం ఒకసారి చూస్తే ఆ దేశం మీద మీకున్న బిగువు సగం సడలుతుంది.

మరి సియెస్తా సంగతి? పెద్దవాళ్లు నడుం వాలుస్తారనే కదా మీరు లేచింది. స్పెయిన్ అంతా రోజూ మధ్యాహ్నం గుర్రు పెట్టి నిద్రపోతుందన్నది బయటివాళ్లు చెప్పుకునే కథ. ఎక్కువమంది రోజూ పడుకోరు. పడుకోవాలనిపించిన తాతగారు సోఫాలోకి జారి, టీవీలో సైకిల్ పందెం నడుస్తుండగానే కునుకు తీస్తారు. దానికి అతిథులు వెళ్లిపోవలసిన పనేమీ లేదు. ఆయన లేచాక మాట ఎక్కడ వదిలారో అక్కడే అందుకుంటారు.

ఇక మీ శ్రీమతి మాట. ఆవిడ అన్నది నాకు మీ ప్రశ్న మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతిగా కనిపించింది. మనం చేత్తో తింటాం. ఎంగిలి చెయ్యి ఎండబెట్టుకోకూడదని చిన్నప్పుడే నేర్పారు. తిన్నచోట శుభ్రం చేసి గాని ఇంకో పని చేయం. తినేటప్పుడు మాట్లాడకూడదని మందలించే తాతలు ఉన్న ఇళ్లలో పెరిగాం. అంటే మన కబుర్లకు చోటు భోజనం దగ్గర కాదు. చెయ్యి కడుక్కుని, వక్కపలుకు వేసుకుని, వాకిట్లోకో అరుగు మీదికో వెళ్లాక మొదలవుతాయి. తీరిక మనకు లేక కాదు, మన తీరిక బల్ల దగ్గర ఉండదు, అంతే. స్పెయిన్ వాళ్లకు కత్తీ, ముల్లుచెంచా పక్కన పెడితే చేతులు శుభ్రంగానే ఉంటాయి. కాబట్టి కబుర్లు కూర్చున్నచోటే సాగుతాయి.

అందుకని ఆవిడకు ఎంగిలి పట్టింపు వదులుకోమని చెప్పకండి, అవసరం లేదు. తినడం కాగానే తన కంచం, పక్కవాళ్ల కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్లమనండి. చెయ్యి కడుక్కోమనండి. తిరిగి వచ్చి కూర్చోమనండి. ఈ తిరిగి రావడమే మీరు నేర్చుకోవలసింది. కంచాలు అందించడాన్ని ఆ ఇంట్లో ఎవరూ తప్పుగా అనుకోరు, సంతోషిస్తారు. గిన్నెలు తోమడానికి మాత్రం పూనుకోవద్దు. అతిథి సింకు దగ్గర నిలబడితే ఇల్లాలు కూడా నిలబడాలి, అప్పుడు బల్ల చెదిరిపోతుంది.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఈ తీరిక భోజనాలను గురించి రాసేవాళ్లు ఆలివ్ చెట్టు నీడను, గాజు గ్లాసుల మెరుపును చూపిస్తారు గాని కాఫీ ఎవరు కలిపి తెచ్చారో రాయరు. మీరు ఈసారి వెళ్లినప్పుడు గమనించండి. తరాలు మారుతున్న కొద్దీ పరిస్థితి మెరుగైంది, కుర్రవాళ్లు లేస్తున్నారు. కాని ఎన్నో ఇళ్లలో ఇప్పటికీ ఆ మూడు గంటల కూర్చోవడంలో అమ్మమ్మ కూర్చునేది తక్కువే. మన ఇళ్లలో ఆడవాళ్లు చివరి పంక్తిలో తినేవారు. అక్కడ ఒకే పంక్తిలో తింటారు, కాని లేచి వెళ్లేది మాత్రం చాలాకాలం వాళ్లే. మీరు మగవారు కదా, కాఫీ ట్రే అందుకోవడానికి మీరే లేస్తే ఆ పెద్దావిడ మీ పాత తొందరను మరిచిపోతుంది.

'ఇంత తీరిక ఎక్కడిది?' అన్నారు. వాళ్ల భోజనం ఆలస్యమా కాదా అన్నది ముందు తేలాలి. మీ గడియారం కాసేపు పక్కన పెట్టి సూర్యుణ్ణి చూడండి. మాడ్రిడ్ గ్రీనిచ్ రేఖకు పడమటన ఉంది. ఆ రేఖ స్పెయిన్ తూర్పు భాగం గుండానే పోతుంది. సరగోసా నుంచి బార్సెలోనా వెళ్లే రహదారి మీద దానికి గుర్తుగా ఒక కమాను కూడా కట్టారు, కారులో వెళితే చూడవచ్చు. లెక్క ప్రకారం స్పెయిన్ లండన్ సమయం పాటించాలి, 1940 దాకా పాటించింది కూడా. ఆ ఏడాది మార్చి 16 రాత్రి పదకొండు గంటలకు నియంత ఫ్రాంకో ప్రభుత్వం గడియారాలను ఒక గంట ముందుకు తిప్పించింది. జర్మనీతో సమయం కలిసింది. యుద్ధం ముగిసింది, హిట్లర్ పోయాడు, 1975లో ఫ్రాంకో కూడా పోయాడు, ఆ గంట మాత్రం వెనక్కి రాలేదు. ఇప్పటికీ మాడ్రిడ్ ఎక్కడో తూర్పున పోలండ్‌లో ఉన్న వార్సాతో ఒకే సమయంలో ఉంది. వేసవిలో ఇంకో గంట కలుస్తుంది. అందుకే జూన్‌లో మీ ఊళ్లో సూర్యుడు నడినెత్తికి వచ్చేది మధ్యాహ్నం రెండుంపావుకు. రాత్రి తొమ్మిదీ ముప్పావుకు గాని అస్తమించడు.

ఇప్పుడు లెక్క వేయండి. హైదరాబాద్‌లో సూర్యుడు నడినెత్తికి వచ్చేది పన్నెండుంపావు ప్రాంతంలో. మీరు ఒంటిగంటకు తినేవారంటే మిట్ట మధ్యాహ్నం దాటాక ముప్పావుగంటకు తిన్నట్టు. వేసవిలో మాడ్రిడ్‌లో రెండున్నరకు తింటే మిట్ట మధ్యాహ్నం దాటి పావుగంట. అంటే సూర్యుడి ప్రకారం వాళ్లు మీకంటే ముందే తింటున్నారు! గడియారాలు జరిగాయి గాని కడుపులు జరగలేదు. ఇదొక్కటే కారణమని అనను. అంతర్యుద్ధం తర్వాతి కరువు రోజుల్లో చాలామంది పొద్దున ఒక ఉద్యోగం, సాయంత్రం ఇంకొకటి చేసి ఇల్లు నడిపారు. మధ్యలోని సుదీర్ఘ విరామం అప్పుడు మరీ గట్టిపడిందని చెబుతారు. నా మటుకు నాకు ఈ మాట నమ్మదగ్గదిగానే అనిపిస్తుంది. లోకమంతా 'తీరిక సంస్కృతి' అని మెచ్చుకునే దానిలో కొంత నియంత ఇచ్చిన ఉత్తర్వు, కొంత పేదరికం. మిగిలినదే అభిరుచి.

కాబట్టి బద్ధకం అన్న మాట వెనక్కి తీసుకోండి. మధ్యాహ్నం రెండు గంటలసేపు విరామం తీసుకున్న దుకాణదారు రాత్రి ఎనిమిదిన్నర దాకా కౌంటర్ దగ్గర ఉంటాడు. చిన్న ఊళ్లలో రెండింటికి మూసిన తలుపు ఐదింటికి తెరుస్తారు. ఆ మనిషి ఇంటికి చేరి, వండుకుని తినేసరికి పది. టీవీలో ముఖ్యమైన కార్యక్రమాలు పదిన్నర దాటాక మొదలై అర్ధరాత్రి దాటాక ముగుస్తాయి. మర్నాడు పిల్లల బడి మాత్రం తొమ్మిదికే. నిద్ర చాలదు. ఈ ఏర్పాటు మీద అందరికంటే ఎక్కువ విసుక్కునేది స్పెయిన్ వాళ్లే. 2005 చివర్లో ప్రభుత్వం తన కార్యాలయాల ఉద్యోగులు సాయంత్రం ఆరింటికల్లా ఇంటిముఖం పట్టాలని నిర్ణయించింది, దానితో వాళ్లకు మధ్యాహ్నపు సుదీర్ఘ విరామం పోయింది. 2024లో కార్మిక శాఖ మంత్రి యొలాందా దియాస్, రాత్రి ఒంటిగంట దాకా రెస్టారెంట్లు తెరిచి ఉంచడం సబబు కాదని అన్నారు. అంతే, పెద్ద దుమారం లేచింది. మాడ్రిడ్ ప్రాంతీయ ప్రభుత్వాధినేత అయూసో విరుచుకుపడ్డారు. తిండి వేళ అక్కడ రాజకీయ విషయం.

మీ ఆఫీసునే చూడండి. మామూలు రోజుల్లో ఎంతమంది డబ్బాల్లో ఇంటి అన్నం తెచ్చుకుని, మైక్రోవేవ్ దగ్గర వరుసలో నిలబడి, ముప్పై నిమిషాల్లో తిని సీటుకు వెళుతున్నారో లెక్కపెట్టండి. ఆ డబ్బాను వాళ్లూ మనలాగే కంపెనీ పేరుతో టప్పర్ అనే పిలుస్తారు. జులై, ఆగస్టుల్లో చాలా ఆఫీసులు పొద్దున ఎనిమిది నుంచి మూడింటి దాకా ఏకబిగిన పనిచేసి మూసేస్తాయి. 2019 మే నుంచి ప్రతి ఉద్యోగి పని వేళలను కంపెనీ రోజూ నమోదు చేయాలని చట్టమే ఉంది. మీ కంపెనీలోనూ ఏదో ఒక యాప్‌లో నొక్కుతూనే ఉండి ఉంటారు. అంటే సోమవారం నుంచి శుక్రవారం దాకా వాళ్లూ మీలాంటి ఉద్యోగులే. ఆదివారం బల్ల దగ్గర కూర్చోవడం తీరిక ఎక్కువై కాదు. వారమంతా దొరకని దాన్ని ఆ రోజు వదలరు.

ఇక చిన్న చిక్కులు. బిల్లు: మీరు అడిగితే గాని తేరు, అడగకుండా తెస్తే 'ఇక లేవండి' అన్నట్టు. మీ అరగంట ఎదురుచూపును ఆ వెయిటర్ మీ సుఖమనుకుని ఉంటాడు. చెయ్యెత్తి గాలిలో సంతకం పెడుతున్నట్టు చూపండి, చాలు. అయితే ఈ మర్యాద అన్ని చోట్లా మిగల్లేదు. గిరాకీ ఎక్కువున్న రెస్టారెంట్లలో ఇప్పుడు ఒకటిన్నరకు ఒక విడత, మూడున్నరకు ఒక విడత అని బల్లలు ఇస్తున్నారు. అక్కడ కాఫీ పూర్తి కాకముందే మీ వెనక మనుషులు నిలబడతారు. నింపాదిగా తినాలంటే మీ వీధిలోని చిన్న బారుకు వెళ్లి రోజు భోజనం అడగండి. 1960లలో పర్యాటకుల కోసం నిర్ణీత ధరకు పూర్తి భోజనం పెట్టాలని ప్రభుత్వం హోటళ్లను ఆదేశించింది. అది పర్యాటకుల కంటే అక్కడి పనివాళ్లకే ఎక్కువ పనికొచ్చి స్థిరపడింది. మొదటి వంటకం, రెండో వంటకం, రొట్టె, తాగడానికి ఏదో ఒకటి, చివర తీపో కాఫీయో, అన్నీ ఒకే ధరలో. శాకాహారులైతే జాగ్రత్త. కూరగాయల వంటకం అని రాసి ఉన్నా అందులో పంది మాంసపు జామోన్ ముక్కలు తగలవచ్చు, సలాడ్‌లో టూనా చేప రావచ్చు. ముందే అడగండి.

హైదరాబాద్ టీమ్: ఇది సంస్కృతి సమస్య కాదు, కూడిక తీసివేతల సమస్య. వేసవిలో మీకూ వాళ్లకూ తేడా మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర. మాడ్రిడ్‌లో మధ్యాహ్నం రెండు అంటే అక్కడ సాయంత్రం ఐదున్నర లేదా ఆరున్నర. వాళ్లు ఇళ్లకు బయలుదేరే ముందు అడిగే అత్యవసరాలన్నీ అప్పుడే పుడతాయి, మీ ఆఫీసు భోజనానికి లేచేదీ అప్పుడే. రోజూ మాట్లాడుకునే వేళను మీ పదకొండింటికి మార్చండి. ఆ వేళకు స్పెయిన్ వాళ్లు ఒక కాఫీ, బంగాళాదుంప ఆమ్లెట్ ముక్క తిని మంచి ఊపులో ఉంటారు. హైదరాబాద్ వాళ్లు భోజనం చేసి వచ్చి ఉంటారు.

మీ పాప: ఏడింటి ఆకలికి మందు ఆ దేశంలోనే ఉంది. ఐదున్నరకూ ఆరున్నరకూ మధ్య పిల్లలకు మెరియెందా పెడతారు. పార్కులో చూడండి, ప్రతి పిల్ల చేతిలో రొట్టె మధ్యలో చాక్లెట్టో చీజో కనిపిస్తుంది. మీ పాపకు ఇడ్లీ పెట్టండి, అట్టు పెట్టండి, ఏదైనా ఆ వేళకు పడితే ఎనిమిదిన్నర దాకా ఆగుతుంది. మీ ఇంట్లో మీరు ఏడున్నరకే అన్నం తింటామంటే నిక్షేపంగా తినండి. పరాయి గడియారాన్ని పడకగది దాకా తెచ్చుకోవలసిన అవసరం లేదు. రాత్రి పదింటికి భారీగా తిని పడుకోవడం స్పెయిన్ వాళ్లే చేయరు. వాళ్ల రాత్రి తిండి చాలావరకు తేలిక, ఓ సూపు, ఓ ఆమ్లెట్, కాస్త పండు. మీరు రెండుపూటలా అన్నం కూరలతో నిండుగా తింటూ వాళ్ల వేళలు మాత్రం పట్టుకుంటే అజీర్తి తప్పదు.

వాళ్లను మీ ఇంటికి పిలిచే విషయం అసలు పరీక్ష. మన ఆతిథ్యంలో ప్రేమంతా వడ్డనలో ఉంటుంది. ఇల్లాలు నిలబడి 'ఇంకొంచెం' అంటూ తిరుగుతుంది, కంచం ఖాళీ కానివ్వదు. స్పెయిన్ అతిథికి ఇది ఇబ్బంది. ఇంటావిడ కూర్చోలేదంటే వాళ్లు చెంచా ఎత్తడానికి వెనకాడతారు. కాబట్టి దోసెలు, పూరీలు పెట్టుకోకండి. అవి పెనం మీదా బాణలిలోనూ ఉన్నంతసేపూ మీ శ్రీమతి వంటింట్లోనే. చల్లారినా చెడిపోని వంటలు ఎంచుకోండి: పులిహోర, గుత్తొంకాయ, ముద్దపప్పు, బంగాళాదుంప వేపుడు. అన్నీ ఒకేసారి బల్ల మీద గుట్ట పోయకుండా విడతలుగా తెండి. మీ మాడ్రిడ్ వాళ్ల కొసీదో తెలుసు కదా, ముందు సేమియా వేసిన రసం, తర్వాత శనగలు, కూరలు, చివర మాంసం వరుసగా వస్తాయి. అదే పద్ధతిలో ముందు మిరియాల చారు కప్పుల్లో ఇవ్వండి, తర్వాత గారెలు, తర్వాత అన్నం, కూరలు. చివరికి పెరుగన్నం దానిమ్మ గింజలతో. కారం సగానికి తగ్గించండి. వాళ్ల వంటలో కారం దాదాపు ఉండదు. పద్రోన్ మిరపకాయలు వేయించుకుని తింటూ ఎప్పుడో ఒకటి మండితే దాని గురించి పదినిమిషాలు మాట్లాడుకునే జనం వాళ్లు. గోంగూర పచ్చడి గిన్నెలో పక్కన పెట్టండి, ధైర్యం ఉన్నవాళ్లు వేసుకుంటారు. మీరు చేత్తో తినండి, దాచకండి, వాళ్లలో ఒకరిద్దరు ప్రయత్నిస్తారు. అందరూ లేచి చేతులు కడుక్కోవాలి గనక అక్కడ ఒక నిమిషం బల్ల ఖాళీ అవుతుంది. ఆ నిమిషంలో కంచాలు మాత్రం తీసేసి గుడ్డ, గ్లాసులు అలాగే ఉంచి, పళ్లు, జీడిపప్పు పెట్టేయండి. తిరిగి వచ్చేవాళ్లకు కుర్చీలు పిలుస్తున్నట్టే ఉండాలి. అప్పుడు ఫిల్టర్ కాఫీ తెండి. ఆ తర్వాత దంపతులిద్దరూ కూర్చోండి. సాయంత్రం ఆరింటికి 'ఇక వెళతారేమో' అని గోడగడియారం చూడకండి.

ఈ కూర్చోవడం అంత పరాయిదేమీ కాదని మీ శ్రీమతికి చెప్పడానికి ఒక ఊరి సంగతి ఉంది. దక్షిణాన కాదిస్ జిల్లాలో అల్గార్ అని ఒక చిన్న ఊరు. వేసవి రాత్రుల్లో జనం కుర్చీలు ఇంటి ముందు వీధిలో వేసుకుని చల్లగాలికి కబుర్లు చెప్పుకుంటారు. టీవీలు, ఫోన్లు వచ్చి ఆ అలవాటు సన్నగిల్లుతోందని, దాన్ని యునెస్కో వారసత్వంగా గుర్తించాలని 2021లో ఆ ఊరి మేయర్ ప్రచారం మొదలుపెట్టారు. మా పెద్దవాళ్ల అరుగులు గుర్తొచ్చి నవ్వుకున్నాను. మన ఊళ్లలో సిమెంటు రోడ్డు వెడల్పు చేయడానికి అరుగులు కొట్టేస్తే ఒక్క దరఖాస్తు కూడా పడలేదు.

వచ్చే ఆదివారం విషయానికి వస్తాను. రెండింటికి రమ్మంటే రెండూ పదికి వెళ్లండి. ముందుగా వెళ్లకండి, వంటింట్లో గందరగోళం వేళ అది. మద్యం తాగరంటే మొహమాటపడకుండా చెప్పండి, ఎవరూ బలవంతం చేయరు. చేమంతి కషాయం అడగండి, దాన్ని మంసనీయా అంటారు. (అండలూసియా వెళ్లినప్పుడు ఇదే మాట అడిగితే వైన్ తెస్తారు, అక్కడ కషాయం అనే అర్థంలో 'ఇన్ఫుసియోన్' అని కలిపి చెప్పండి.) భాష రాదని మౌనంగా ఉండిపోకండి. గుంటూరు మిరపయార్డు గురించి చెప్పండి, బస్తాల గుట్టలు, తుమ్ములు, కళ్లలో నీళ్లు. ఆ తాతగారు ఆ కథను ఇంకో నాలుగు ఆదివారాలు ఇతరులకు చెబుతారు. పోయినసారి గురించి పెద్ద క్షమాపణలు అక్కర్లేదు. 'పోయినసారి మా పద్ధతిలో లేచాం, ఈసారి మీ పద్ధతిలో కూర్చుంటాం' అంటే చాలు, నవ్వుతారు.

ఎప్పుడు లేవాలో తెలియడం లేదు కదా. ఇంటివాళ్లు ఎవరూ లేవమనరు, అతిథుల్లో ఒకరు మొదలుపెట్టాలి. రెండు చేతులతో తొడల మీద చరుచుకుని 'బ్వేనో... పుయెస్ నాదా' అని, అంటే 'సరే... ఇక అంతే మరి' అని నిట్టూరుస్తారు. అది మీరూ అనవచ్చు. ఆరున్నర తర్వాత అంటే మంచిది. అనగానే బయటపడతారనుకోకండి. ఇంకో కాఫీ అంటారు, లేచి నిలబడి పావుగంట, తలుపు దగ్గర ఇంకో పావుగంట, లిఫ్ట్ తలుపు కాలితో ఆపి మరో ఐదు నిమిషాలు. మనవాళ్లు గుమ్మం దగ్గర మాట్లాడే తీరు తెలిసినవారే గనక ఈ భాగం మీకు కష్టం కాదు.

ఖాళీ చేతులతో వెళ్లకండి. ఆదివారం భోజనానికి వెళ్లేవాళ్లు మిఠాయి దుకాణంలో చిన్న చిన్న కేకులు ఎంచి, అట్ట పళ్లెంలో పెట్టించి, కాగితం చుట్టించి, దారం కట్టించుకుని దాన్ని అడ్డంగా పట్టుకుని వీధుల్లో నడుస్తుంటారు. మీరూ అలాగే తీసుకెళ్లండి. తలకు రెండు లెక్కన, పాపకు నచ్చినవి రెండు అదనంగా. దుకాణం ముందు ఒంటిగంట నుంచి వరుస పెరిగిపోతుంది, పన్నెండున్నరకే వెళ్లి తెచ్చుకోండి.